జడ్చర్ల వచ్చినంక కూసుంట

వనపర్తి డిపో బస్సుల్లో ఇద్దరు కూర్చునే సీటుంటుంది చూడండి, విమానంలో బిజినెస్ క్లాసు సీటు ఇంచుమించు అంత వెడల్పు. అందులో ఒక్కరినే కూర్చోబెడతారు. ఇది ఎవరో చెబితే విని చెప్పడం లేదు. స్వయంగా కూర్చుని, పడుకుని, అందులో ఇరుక్కుపోయి మరీ చెబుతున్నాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, బేగంపేటలో విమానాలు ఇంకా దిగుతున్న రోజుల్లో, మా అక్కా నేనూ జర్మనీ నుంచి తిరిగి వస్తున్నప్పటి మాట ఇది.

మేమిద్దరం జర్మనీ ఎందుకు వెళ్లామని మా బడిలో సాటి టీచర్లు చాలా రోజులు అడిగారు. వెళ్లింది అక్క. నేను తోకను. అక్కది పాన్‌గల్. అక్కడ చెలకల్లో మెట్ట సేద్యం చేస్తుంది. మహిళా సంఘంలో విత్తనాలు దాచే పని తనదే. కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఉలవలు బూడిద కలిపి కుండల్లో దాస్తుంది, అడిగినవాళ్లకు కొలిచి ఇస్తుంది. జర్మనీ రైతులు విత్తనాల జాతర పెట్టుకుంటున్నారట, మన దేశం నుంచి కూడా ఒక రైతు కావాలన్నారట, సంఘంవాళ్లు అక్కను పంపారు. అక్కకు ఇంగ్లీషు రాదు. నేను వనపర్తిలో ఇంగ్లీషు టీచరును. అందుకని మాట అక్కది, నోరు నాది. మూడు రోజులు అక్క తన కొర్రల ముందు నిలబడే ఉంది. కుర్చీ వేశారు, కూర్చోలేదు. "మనిషొచ్చి నిలబడి అడుగుతుంటె నేను కూసొని చెప్పాల్నా?" అంది. మూడో రోజుకు ఎడమ మోకాలు గుమ్మడికాయంత వాచింది.

అక్క కూర్చోకపోవడం నాకు కొత్త కాదు. నేను హైదరాబాదులో ఐదేళ్లు చదివాను. ఆడపిల్లను ఒంటరిగా బస్సెక్కించే ధైర్యం అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ లేదు. సెలవులు అయిపోయిన ప్రతిసారీ అక్క తన పనులన్నీ ఆపుకుని పాన్‌గల్ నుంచి వచ్చి, నన్ను హాస్టలులో దింపి వెళ్లేది. వనపర్తి బస్టాండులో బస్సు వెనక్కి వచ్చి ఆగకముందే కిటికీలోంచి దస్తి విసరాలి. చేతిరుమాలును మేం దస్తి అంటాం. దస్తి ఏ సీటు మీద పడితే ఆ సీటు దస్తి యజమానిది, కండక్టరు కూడా కాదనడు. అక్క గురి తప్పేది కాదు. కానీ ఎంత తోసుకున్నా మాకు దొరికేది ఒక్క సీటే, మనుషులం ఇద్దరం. దానికీ ఒక పద్ధతుంది. జడ్చర్ల దాకా ఒకరు కూర్చుంటారు, జడ్చర్ల నుంచి ఇంకొకరు. జడ్చర్ల దాదాపు సగం దారి. బస్సు ఆగుతుంది, పల్లీలు అమ్మేవాళ్లు ఎక్కుతారు, కూర్చున్నవాళ్లు లేస్తారు, నిలబడ్డవాళ్లు కూర్చుంటారు. దీని మీద ఎవరూ కొట్లాడుకోగా నేను చూడలేదు.

"ముందుగాల నువ్వు కూసో. జడ్చర్ల వచ్చినంక నేను కూసుంట" అనేది అక్క. జడ్చర్ల వచ్చేది. నేను లేవబోయేదాన్ని. "సదువుకుంటున్నవ్ గద, ఊకో. నిలబడితెనే నాకు గాలి మంచిగొస్తది" అనేది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా జడ్చర్ల తర్వాత ఆమె కూర్చోలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా లేవలేదు, లేచినట్టు చేసేదాన్ని. ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లల్ని బస్సుల్లో తిప్పడం మొదలుపెట్టాక, ఐదేళ్లు నిలబడి రావడమంటే ఏమిటో నా కాళ్లకు తెలిసింది. అప్పటినుంచి ఆ సంగతి గుర్తొస్తే చాలు, సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరులోకి చూసీ చూసీ తలెత్తింది. వెనక తరగతి నిండిపోయిందని, మా ఇద్దరిలో ఒకరిని బిజినెస్ క్లాసులోకి మారుస్తామని, పైసా కట్టనక్కర్లేదని చెప్పింది. అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అయ్యాక గుండె ఎగిరి గంతేసింది. వాచిన మోకాలు ఒకవైపు, కాళ్లు చాపుకునే సీటు ఒకవైపు. దేవుడనేవాడు ఉంటే వాడు మా బస్సుల్లో తిరిగినవాడే అయ్యుండాలి అనుకున్నాను.

"మా అక్కకివ్వండి" అన్నాను ఇంగ్లీషులో.

అక్క నా చెయ్యి లాగింది. "ఏందంట?"

చెప్పాను.

"నేను పోను. ఆడ ఎవరన్న ఏమన్న అడిగితె నాకు తెల్వదు. నీకు ఇంగ్లీషొస్తది, నువ్వు పో."

"అక్కా, నీ మోకాలు చూస్కున్నవా?"

"నా మోకాలు నాతోనే ఉంటది, యాడికి పోతది? ఎనక ఆమె చూడు పిల్లతోని ఎట్ల పరేషానయితుందో. జల్ది చెప్పు. సగం తొవ్వకు మారుదం."

నాకు తిక్క లేచింది. వెనకాల వరుస పెరిగిపోతోంది. చంకలో పిల్లతో ఒకామె అటు కాలు మీద, ఇటు కాలు మీద మార్చి మార్చి నిలబడుతోంది. కౌంటరు అమ్మాయి ఎవరి పేరు రాయాలని రెండోసారి అడిగింది.

"సగం తొవ్వకు తప్పకుండ మారుతవా? ఒట్టెయ్."

"ఒట్టు. జడ్చర్ల వచ్చినంక నేను కూసుంట."

అదే మాట, అదే గొంతు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఒట్టు వేసింది. ఈసారి వదిలేది లేదని గట్టిగా అనుకున్నాను. విమానం కోసం కూర్చున్న చోట గోడ మీద పెద్ద పటం ఉంది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది, వేలితో దారి కొలిచి సగం ఎక్కడో తేల్చాను. కాస్పియన్ సముద్రం దగ్గర తేలింది. పటంలో అది పొడుగ్గా, నీలంగా, కింద కాస్త వంగి ఉంది.

"అక్కా, ఇదిగో, ఇదే మన జడ్చర్ల" అన్నాను.

అక్క దాన్ని శ్రద్ధగా చూసింది. "ఈడ పల్లీలు అమ్ముతరా?" అంది.

ఎక్కేముందు నడుముకు దోపిన దస్తి తీసి నా చేతిలో పెట్టింది. "లేసినప్పుడు సీటు మీద ఇది ఏసి లెవ్వు. లేకుంటె ఎవరన్న కూసుంటరు." విమానంలో ఎవరి సీటు వాళ్లకుంటుందని చెప్పాను. "నీకేం తెల్సు? నువ్వెప్పుడన్న సీటు ఆపినవా?" అంది. నిజమే, నేనెప్పుడూ ఆపలేదు. దస్తి తీసుకుని ఎడమవైపు తిరిగాను, అక్క కుంటుకుంటూ కుడివైపు పోయింది.

కూర్చోగానే ఒకామె గాజు గ్లాసులో నారింజరసం తెచ్చి, నా ఇంటిపేరు పెట్టి నమస్కారం చెప్పింది. మా హెడ్మాస్టరు నన్ను "ఓ టీచరమ్మా" అని తప్ప పిలిచి ఎరుగడు. ఇంటిపేరు వినపడేసరికి నడుము దానంతటదే నిటారుగా అయింది. ఆ తర్వాత వేడినీళ్లలో ముంచి పిండిన చిన్న తువ్వాలు ఇచ్చారు. పక్క సీటులో ఉన్న తెల్లజుట్టు పెద్దాయన వేళ్ల కొసలు తుడుచుకుని పళ్లెంలో పెట్టేశాడు. నేను ముఖం, మెడ, చెవుల వెనక, మోచేతుల దాకా తుడిచేశాను. మూడు రోజుల విత్తనాల బూడిద అంతా దానికెక్కింది. తువ్వాలును మురికి లోపలికి పోయేలా చుట్టి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి ఇచ్చాను. ఆమె కూడా ఏమీ ఎరగనట్టే తీసుకుంది. గొప్పవాళ్ల మర్యాద అంటే ఇదే కాబోలు.

సీటు చేతి మీద ఎనిమిది మీటలున్నాయి. ఒకటి నొక్కితే కాళ్లు లేచాయి. ఇంకొకటి నొక్కితే వీపు పడిపోయింది. మూడోది నొక్కితే నడుము కింద ఏదో గుర్రుగుర్రుమంటూ పిసకడం మొదలుపెట్టింది. నేను "వామ్మో" అని అరిచాను. లేద్దామంటే కాళ్లు పైన, తల కింద, చీర కుచ్చిళ్లు సీటు సందులో. ఏ మీట నొక్కినా ఇంకా కిందికే పోతున్నాను. పెద్దాయన పేపరు పక్కన పెట్టి, చెయ్యి చాపి ఒక్క మీట నొక్కాడు. సీటు నన్ను మెల్లగా లేపి, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. నలభై దాటిన టీచరును, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇకఇకలు పకపకలు. ఆ తర్వాత అన్ని మీటలూ వరసగా మళ్లీ నొక్కి చూశాను, ఈసారి పాఠం నేర్చుకోవడానికి.

భోజనానికి బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. వేలెడంత సీసాలో ఉప్పు, దానికి జంటగా మిరియాల పొడి. రొట్టెలే నాలుగు రకాలు తెచ్చి ఏది కావాలని అడిగితే అన్నీ అన్నాను. ప్రతిదాంట్లో సగం తిన్నాను, సగం అక్కకు తీశాను. దాచడానికి ఏమీ లేక, వాంతి వస్తే పట్టుకోవడానికి ముందు సీటు జేబులో పెట్టే కాగితం సంచీ తీసి అందులో వేశాను. కొత్తది, శుభ్రమైనది, తప్పేముంది? రొట్టె, జున్ను, చాక్లెట్లు రెండు, చిన్న తేనెసీసా. సంచీ నిండింది. ఎదురుగా తెరమీద పటంలో మా విమానం బుజ్జిగా కదులుతోంది. నల్లసముద్రం వచ్చింది. ఇంకొంచెం పోతే కాస్పియన్. అప్పుడు లేచి వెళ్లి, అక్క చెయ్యి పట్టుకుని తెచ్చి, ఈ సీటులో కూర్చోబెట్టి, మూడో మీట నొక్కుతాను. అక్క "వామ్మో" అంటుంది. ఆ "వామ్మో" వినడానికి నా ప్రాణం ఉవ్విళ్లూరింది. అంతలోపు కాస్త నడుము వాలుద్దామని సీటు పరుపులా చేసుకున్నాను. కిటికీ వెలుతురు కళ్లలో పడుతోందని అక్క దస్తి ముఖం మీద కప్పుకున్నాను.

కళ్లు తెరిచేసరికి కిటికీలో వెలుతురు లేదు. పటం చూశాను. నల్లసముద్రం లేదు, కాస్పియన్ లేదు, ఇరాన్ కూడా వెనకబడింది. దిగడానికి ఇంకా రెండు గంటలని రాసి ఉంది.

మళ్లీ అదే పని చేశాను. ఐదేళ్లు లేచినట్టు నటించినదాన్ని, ఈసారి నటించను కూడా నటించకుండా నిద్రపోయాను. ఒళ్లంతా మండిపోయింది. నన్ను నేను నాలుగు తిట్టుకుని, కాగితం సంచీ చంకలో పెట్టుకుని లేచాను. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, సీటు మీద దస్తి వేసి, అప్పుడు పరిగెత్తాను.

రెండు తరగతుల మధ్య వేసిన గుడ్డ తెర తీసుకుని వెనక్కి పోతే, ఆ చివర, మరుగుదొడ్ల దగ్గర, నలుగురు మనుషుల మధ్య అక్క నిలబడి ఉంది. నిలబడి కడక్ రొట్టెలు పంచుతోంది. మా గద్వాల వైపు కర్ణాటక సరిహద్దులో చేసే ఎండు జొన్నరొట్టెలవి, నెల రోజులైనా పాడవవు. వచ్చేటప్పుడు తెచ్చినవి ఇంకా మిగిలాయన్నమాట. ముక్కు ఎర్రబడ్డ ఒక తెల్లాయన పల్లికారం అద్దుకుని తింటూ కళ్లనీళ్లు పెట్టుకుని ఇంకో ముక్క అడుగుతున్నాడు. అక్క సీటులో మాత్రం పొద్దున వరుసలో చూసిన పిల్ల అడ్డంగా పడుకుని నిద్రపోతోంది, పక్కన తల్లి.

అక్క నన్ను చూసింది. "జడ్చర్ల వచ్చిందా?" అంది.

"దాటిపోయిందక్కా" అన్నాను. "నిద్రపోయిన. షాద్‌నగర్ గూడ దాటినం."

"అట్లనా. మంచిగ నిద్ర పట్టిందా?"

"నువ్వెందుకు నిలబడ్డవ్? ఎప్పటిసంది నిలబడ్డవ్?"

"జడ్చర్ల కాన్నుంచి." పైన వేలాడుతున్న చిన్న టీవీని గడ్డంతో చూపించింది. "నువ్వు గోడ మీద చూపెట్టిన నీలి మడుగు అండ్ల వచ్చింది. ఒట్టేసిన గద, నువ్వొస్తవని లేసిన. ఖాళీ సీటుంటె ఆమె పిల్లను పండబెట్టుకుంది. మల్ల లేపుతమా?"

ఇన్నేళ్లలో ఒక్కసారి కూర్చుందామని లేచింది. ఆ ఒక్కసారే నేను రాలేదు. అందరి ముందూ ఏడ్చేశాను. తెల్లాయన పల్లికారం నాకూ తగిలిందనుకుని నీళ్లు ఇవ్వబోయాడు. అక్క నా చంకలో సంచీ చూసి, "కక్కుతున్నవా ఏంది?" అని కంగారుపడింది. అది తన వాటా అన్నం అని చెబితే, నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నాకూ నవ్వొచ్చింది.

చెయ్యి పట్టి లాక్కొచ్చాను. తెర దగ్గర నారింజరసం ఇచ్చినామె ఎదురైంది. సంగతంతా చెప్పాను, బస్సు, దస్తి, జడ్చర్ల అన్నీ. బహుశా నా జన్మలో అంత మంచి ఇంగ్లీషు మళ్లీ మాట్లాడలేదు. ఆమె అక్క మోకాలు చూసింది, సీటు మీద దస్తి చూసింది, తెర పట్టుకుని పక్కకు తప్పుకుంది.

అక్కను కూర్చోబెట్టాను. వేడి తువ్వాలు తెప్పించాను. మూడో మీట నొక్కాను. అక్క "వామ్మో" అనలేదు. "బావి మోటర్ చెడిపోయినట్టు చప్పుడొస్తుంది, బందు పెట్టు" అంది. కాళ్లు లేపే మీట నొక్కి, మోకాలి కింద దిండు పెట్టి, వెనక్కి వెళ్లిపోయాను. అక్క సీటులో పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. నేను నిలబడ్డాను. ఆమె కూర్చుంది, నేను నిలబడ్డాను. అరగంటకే కాళ్లు పీకాయి, అయినా ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. తెల్లాయన దగ్గర మిగిలిన రొట్టె ముక్క ఇప్పించుకుని తిన్నాను.

ఆగలేక మళ్లీ వెళ్లి తెర సందులోంచి చూశాను. అంత పెద్ద సీటులో అక్క ఒక మూలకు ఒదిగి కూర్చుని ఉంది. మిగిలిన సగం మీద దస్తి పరిచి ఉంది.

"అక్కా, మంచిగ పడుకోరాదు?"

"ఒక్కదాన్ని గింత సీట్ల ఎట్ల కూసుంట? నీకే ఆపిన. రా."

దస్తి తీసి కూర్చున్నాను. భుజం భుజం రాసుకుంటూ ఇద్దరం సరిపోయాం. పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"నాకు ఒక్కదానికి సీటు పడదే" అంది అక్క కాసేపటికి. "నిన్ను హాస్టల్ల ఇడిసి పెట్టి తిరిగొస్తుంటి గద, ఆ బస్సుల సీట్లన్ని ఖాళీ. కిటికికాడ కూసుంటుంటి. పక్కన నువ్వుండకపోతుంటివి. జడ్చర్ల దాక ఏడ్సుకుంట వస్తుంటి. పోయేటప్పుడే మంచిగుంటుండె, నిలబడితె నువ్వు సదివేది కనబడుతుండె."

నాకు కోపం వచ్చింది. "ఇన్నేండ్లు నేను సిగ్గుతోని సచ్చిపోతుంటె, ఈ ముక్క అప్పుడే చెప్పొద్దా?"

"నువ్వెప్పుడు అడిగినవ్?"

అడగలేదు. ఏమని అడుగుతాను? ఆ సంచీ విప్పి ఇద్దరం జున్నూ రొట్టే తిన్నాం. నారింజరసం ఇచ్చినామె మేం అడగకుండానే రెండు చెంచాలతో ఒక ఐస్‌క్రీము తెచ్చిపెట్టింది. అక్క తన ఐదేళ్ల బస్సులూ చెబుతోంది, నేను నావి చెబుతున్నాను, ఒకే బస్సులు, వేరే వేరే కథలు. బెల్టు పెట్టుకునే దీపం వెలిగాక ఒక్కరే ఉండాలన్నారు. నేను లేవబోతే అక్క కూడా లేచింది. భుజాలు పట్టి నొక్కి కూర్చోబెట్టి, బెల్టు బిగించాను.

"రేపు బస్సుల గూడ నువ్వే కూసోవాలె. వనపర్తి దాక" అన్నాను.

"జడ్చర్ల దాక కూసుంట" అంది. "మల్ల నువ్వు కూసో."

మర్నాడు పొద్దున హైదరాబాదులో ఇమ్లీబన్ బస్టాండు పెళ్లిళ్ల జనంతో కిటకిటలాడుతోంది. బస్సు వెనక్కి వస్తుండగా అక్క చేతిలోంచి దస్తి లాక్కుని కిటికీలోంచి నేనే విసిరాను. గురి బాగానే కుదిరింది. ఒక్క సీటు దొరికింది. అక్క కూర్చుంది, మోకాలు చాపుకుంది, నేను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. షాద్‌నగర్ దాటాక ఆమె కళ్లు మూసుకుంది. జడ్చర్లలో బస్సు ఆగింది. పల్లీలవాళ్లు ఎక్కారు, కూర్చున్నవాళ్లు లేచారు, నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. అక్క కదల్లేదు.

వంగి భుజం మీద తట్టాను. "అక్కా, జడ్చర్ల వచ్చింది."

"రానీ" అంది అక్క, కళ్లు తెరవకుండా.